కాల్‌లో వంతు రానివాళ్లకు బోర్డు మీద చోటు

ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కు వారానికి ఐదు రోజులు, పొద్దున పదకొండింటికి వీడియో కాల్. హైదరాబాద్ ఆఫీసులో నలుగురు ఒకే గదిలో కూర్చుంటారు. మిర్యాలగూడ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఒకరు, కల్వకుర్తి నుంచి ఒకరు ఇళ్లలోంచి కలుస్తారు. గంట గడిచేసరికి గదిలో ఉన్న నలుగురి మాటే వినిపిస్తుంది. ఊళ్ల నుంచి కలిసిన ముగ్గురూ మొదట ‘గుడ్ మార్నింగ్’, చివర ‘ఓకే, థ్యాంక్యూ’ అంటారు. మధ్యలో అంతా మ్యూట్. నల్లగొండ, పాలమూరు వైపు ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది రోజూ అనుభవమే.

2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊరికి వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ పూర్తిగా నగరానికి వెళ్లలేదు. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, అదే ఏడు అక్టోబర్‌లో నల్లగొండలో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. పని కోసం బస్సెక్కి పోవడమే ఎరిగిన పాలమూరుకు పని ఊళ్లోకి రావడం చిన్న సంగతి కాదు. కానీ పని వచ్చినంత సులువుగా మాట రాలేదు. ఊళ్లో కూర్చున్న మనిషి కోడ్ రాస్తాడు, టెస్టింగ్ చేస్తాడు, అప్పజెప్పినది పూర్తిచేస్తాడు. ఏం చేయాలో నిర్ణయించే చోట మాత్రం ఉండడు.

ఆన్‌లైన్ వైట్‌బోర్డు గురించి ఇక్కడి టీమ్‌లు ఆలోచించాల్సింది ఈ కోణంలోనే. బొమ్మలు గీసుకునే సాఫ్ట్‌వేర్‌గా చూస్తే అది ఉన్నా లేకున్నా పని నడుస్తుంది. కాల్‌లో వంతు దొరకని మనిషికి చోటిచ్చే సాధనంగా చూసినప్పుడే దాని విలువ తెలుస్తుంది. అయితే లింక్ పంపినంత మాత్రాన ఆ చోటు దొరకదు. మీటింగ్ నడిపే తీరు మారాలి.

వంతు ఎందుకు రాదు

మాట్లాడనివాళ్లను చూసి, చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదనుకోవడం తేలిక. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలయ్యేలోపు ఎంత ఖాళీ ఉంటుందో పది భాషల్లో కొలిచి చూసిన పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. సగటున ఆ ఖాళీ సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. భాష మారినా ఈ లెక్క పెద్దగా మారలేదు. అంత సన్నటి సందులో దూరి మాట అందుకోవడం అందరం చిన్నప్పుడే నేర్చుకుంటాం. ఎలా చేస్తున్నామో మనకే తెలియదు.

ఇప్పుడు ఆ సందులోకి నెట్‌వర్క్ ఆలస్యం వచ్చి చేరుతుంది. ఒకవైపు నుంచి మాట రెండోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ ఇబ్బంది లేకుండా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. ఆఫీసు ఫైబర్ లైన్ మీద కూర్చున్నవాళ్లకు ఆ హద్దు గుర్తుకే రాదు. సెల్ టవర్ మీద ఒత్తిడి ఉన్న వేళ ఫోన్ హాట్‌స్పాట్‌తో కలిసిన మనిషి మాత్రం దాన్ని తరచూ దాటేస్తాడు. అతను ‘ఒక్క నిమిషం సార్’ అనేసరికి అవతల ఇంకొకరు మొదలుపెట్టేసి ఉంటారు. ‘సారీ, మీరు చెప్పండి’, ‘లేదు లేదు, మీరే చెప్పండి’. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఆ మనిషి మైకు తీయడు.

దీనికి భాష తోడవుతుంది. తెలుగు మీడియంలో చదువుకుని, డిగ్రీ దాటాక పట్టుదలతో కోడింగ్ నేర్చుకున్న పిల్లలు ఈ జిల్లాల్లో ఎందరో. పని బాగా చేస్తారు. ఇంగ్లిష్‌లో వాక్యం మనసులో కూర్చుకోవడానికి మాత్రం ఓ రెండు సెకన్లు కావాలి. రెండు సెకన్లంటే పైన చెప్పిన సందుకు పది రెట్లు. తెలివికీ దీనికీ సంబంధమే లేదు. ముందు నోరు తెరిచినవాళ్లదే వంతు అయినంతకాలం నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు, ఇంగ్లిష్ నెమ్మదిగా వచ్చేవాళ్లు వెనకబడుతూనే ఉంటారు. ఇద్దరూ ఒకే మనిషి అయితే ఇక చెప్పనక్కర్లేదు.

బోర్డు లోపల జరిగేది

లింక్ తెరిస్తే బ్రౌజర్‌లో నాలుగువైపులా అంచు కనిపించని తెల్లటి చోటు వస్తుంది. అందులో రంగురంగుల చీటీలు అంటించవచ్చు, గీతలు, బాణాలు గీయవచ్చు, ఫొటోలు పెట్టవచ్చు. లింక్ ఉన్న అందరూ ఒకేసారి అక్కడ పనిచేయవచ్చు. ఎవరి కర్సర్ ఎక్కడ తిరుగుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. ఇలాంటి బోర్డుల్లో ఒకటైన మిరో 2011లో రష్యాలోని పెర్మ్ నగరంలో రియల్‌టైమ్‌బోర్డ్ అన్న పేరుతో మొదలై 2019లో పేరు మార్చుకుంది. మ్యూరల్ కూడా 2011 నాటిదే, అర్జెంటీనాలో పుట్టింది. మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డ్ 2018లో, ఎక్స్‌కాలిడ్రా 2020లో, ఫిగ్మా వాళ్ల ఫిగ్‌జామ్ 2021లో వచ్చాయి. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య దారిని మూయకుండా తెరిచి ఉంచి, రెండువైపులా ఎప్పటికప్పుడు కబుర్లు పంపుకునే వెబ్‌సాకెట్ పద్ధతి ప్రమాణంగా ఖరారైంది కూడా 2011లోనే. ఇలాంటి బోర్డులు బ్రౌజర్‌లో సాఫీగా నడవడానికి ఆ దారి బాగా కలిసొచ్చింది.

బోర్డు మీద కనిపించే ప్రతి వస్తువూ లోపల ఒక చిన్న చిట్టా: పసుపు చీటీ, ఎడమ నుంచి ఇంత, పైనుంచి ఇంత, వెడల్పు ఇంత, లోపల ఈ మాట. చీటీని పక్కకు జరిపితే నెట్‌లో వెళ్లేది ఆ మారిన అంకెలే, బొమ్మంతా మళ్లీ వెళ్లదు. అదే వీడియో కాల్‌లో ముఖం సరిగా కనిపించాలంటే సెకనుకు కొన్ని వందల కిలోబిట్లు ఆగకుండా ప్రవహించాలి. స్క్రీన్ షేర్ కూడా వీడియో లాంటిదే. నెట్ తగ్గగానే అక్షరాలు మసకబారేది అందుకే. బోర్డులో అక్షరం అక్షరంగానే వస్తుంది. కాస్త ఆలస్యంగా వచ్చినా స్పష్టంగా వస్తుంది.

కాబట్టి నెట్ సతాయించే ఊరి నుంచి కలిసేవాళ్లు వీడియో ఆపేసి, మాట, బోర్డు రెండే ఉంచుకోవడం మేలు. కెమెరా ఆన్‌లో ఉండాల్సిందేనని పట్టుబట్టే టీమ్ లీడ్‌లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. మనిషి ముఖం చూడటానికి ఖర్చయ్యే నెట్‌తో ఆ మనిషి ఆలోచన చూడొచ్చు.

ఇద్దరు ఒకే చీటీని ఒకేసారి పట్టుకుంటే ఏమవుతుంది? ఇది వినడానికి చిన్న ప్రశ్న, కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద చిక్కు. ఒకే పత్రాన్ని పలువురు ఒకేసారి దిద్దే పద్ధతుల మీద 1989 నుంచి పరిశోధన పత్రాలు ఉన్నాయి. ఫిగ్మా సంస్థ తమ పద్ధతిని 2019లో బహిరంగంగా వివరించింది. ఒక వస్తువు రంగును ఒకరు, చోటును ఇంకొకరు మారిస్తే రెండు మార్పులూ నిలుస్తాయి. ఇద్దరూ ఒకే గుణాన్ని మారిస్తే సర్వర్‌కు చివరగా చేరినది నిలుస్తుంది. చీటీలోని మాట మొత్తం కలిపి ఒకే గుణం కింద లెక్క. అందుకే ఇద్దరూ ఒకే చీటీలో రాస్తే ఒకరి రాత పోతుంది, రెండూ కలవవు. అన్ని బోర్డుల లోపలి అమరికా ఒకేలా ఉండదు గానీ, ఇందులోంచి ఎక్కడైనా పనికొచ్చే అలవాటు ఒకటి దొరుకుతుంది. ఇంకొకరి చీటీలో చేయి పెట్టకూడదు. చెప్పాల్సింది ఉంటే పక్కన మన చీటీ అంటించాలి.

అందరికీ కనిపించే ఒక గీతను పట్టుకుని, వేరువేరు చోట్ల కూర్చుని పనిచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాత నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లిలో ఇక్కత్ చీర డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లలో పడుతుంది. ఆ గళ్ల లెక్క ప్రకారం చట్రం మీద బిగించిన నూలుకు గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా చీల్చిన రబ్బరుతో బిగించి కడతారు, రంగులో ముంచుతారు, విప్పి మళ్లీ ఇంకోచోట కడతారు. ఆ తర్వాతే మగ్గం. గుర్తు పెట్టేవారు, కట్టు కట్టేవారు, రంగు అద్దేవారు, నేసేవారు వేరువేరు మనుషులు కావచ్చు. ఒక గడి తప్పు చదివితే ఆ తప్పు బట్ట మీద పూవు అంచు దగ్గర తేలుతుంది. ఇంతమంది చేతుల్ని కలిపి ఉంచేది ఆ ఒక్క కాగితమే.

అయితే గ్రాఫ్ కాగితం ఒకరు గీస్తే మిగతావాళ్లు పాటించేది. వైట్‌బోర్డు మీద పాటించేవాళ్లు కూడా గీయవచ్చు. ఆ రెండోది జరగనప్పుడు ఎంత ఖరీదైన బోర్డు కొన్నా అది గ్రాఫ్ కాగితమే. నిజానికి చాలా టీమ్‌లలో జరుగుతున్నది అదే. లీడ్ బోర్డు మీద అన్నీ గీసి స్క్రీన్ షేర్ చేస్తాడు, మిగతావాళ్లు చూస్తారు.

ట్రాక్టరు గేటు దగ్గర నుంచి తక్‌పట్టీ దాకా

తేడా ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. మొదట చెప్పుకున్న ఏడుగురి టీమ్ మిర్యాలగూడ రైస్ మిల్లుల కోసం ఒక యాప్ తయారుచేస్తోందనుకుందాం. వడ్ల ట్రాక్టరు మిల్లు గేటుకు వచ్చిన దగ్గర నుంచి రైతు చేతిలో తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిచ్చే చీటీ పడేదాకా ప్రతి అడుగూ అందులో నమోదు కావాలి. హైదరాబాద్‌లోని డిజైనర్ బోర్డు మీద ఐదు పెట్టెలు గీసింది: గేటు ఎంట్రీ, కాంటా, ధర, దింపుడు, బిల్లు. ఎడమ నుంచి కుడికి తిన్నగా బాణాలు. చూడటానికి ముచ్చటగా ఉంది.

మామూలు కాల్ అయితే ఆమె స్క్రీన్ షేర్ చేసి పది నిమిషాలు వివరిస్తుంది. ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటుంది. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ‘గ్రేట్, ముందుకెళ్దాం’ అని లీడ్ అంటాడు. మిర్యాలగూడ కుర్రాడికి అందులో ఏదో తేడాగా ఉందని తెలుసు. వాళ్ల మామతో కలిసి ట్రాక్టరు మీద మిల్లు ముందు రాత్రంతా వరుసలో ఉన్నాడు కూడా. కానీ ‘తడి వడ్లు’ అనే మాటను ఇంగ్లిష్‌లో ఎలా ఎత్తుకోవాలో తేల్చుకునేలోపు ఆ రెండు సెకన్లు అయిపోతాయి.

ఈసారి లీడ్ ఇంకోలా చేశాడనుకుందాం. ఏడు నిమిషాలకు టైమర్ పెట్టి అందరినీ మ్యూట్ చేసుకోమన్నాడు. గదిలో ఉన్న నలుగుర్నీ కూడా ఎవరి లాప్‌టాప్ వాళ్లు తెరవమన్నాడు. ఈ ఐదు పెట్టెల్లో ఏది తప్పు, ఏది లేదు? ఒక చీటీలో ఒకే మాట. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, రెండూ కలిపి రాసినా సరే.

మొదటి రెండు నిమిషాలు కర్సర్లు ఊరికే అటూ ఇటూ తిరిగాయి. మూడో నిమిషంలో ధర పెట్టె పక్కన ఆకుపచ్చ చీటీ పడింది: ‘శాంపిల్, తేమ చూసి గేటు దగ్గరే ధర మాట్లాడతారు. కాంటా దాని తర్వాత.’ వెంటనే ఇంకోటి: ‘కాంటా రెండుసార్లు. లోడుతో ఒకసారి, ఖాళీ ట్రాక్టరు ఒకసారి.’ మూడో చీటీ రావడానికి చాలాసేపు పట్టింది. రాసి, చెరిపి, మళ్లీ రాయడం అందరికీ కనిపించింది. ‘దించేటప్పుడు అడుగున తడి వడ్లు వస్తే ధర మళ్లీ మారుతది. గొడవ ఇక్కడే.’ ఆ చీటీ నుంచి వెనక్కి, ధర పెట్టె వైపు ఒక వంకర బాణం.

ఆ వంకర బాణం ఎంత పెద్ద విషయమో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకసారి నమోదైన ధర ఇక మారదనుకుని డేటాబేస్ కట్టి ఉంటే, మిల్లులో మొదటి తడి ట్రాక్టరు దగ్గరే యాప్ ఆగిపోయేది. గుమాస్తా పక్కన కాగితం పెట్టుకుని లెక్క రాసుకోవడం మొదలుపెట్టేవాడు. కాగితం మొదలైందంటే యాప్ మూలనపడ్డట్టే. వనపర్తి టెస్టర్ ఆ చీటీ కిందే ఇంకో చీటీ అంటించింది: ‘ధర మారితే పాత ధర కూడా కనిపించాలి కదా? రైతు అడిగితే ఏం చూపిస్తాం?’ టైమర్ మోగేసరికి ఐదు పెట్టెలు తొమ్మిదయ్యాయి. తిన్నటి గీత కాస్తా రెండుచోట్ల వెనక్కి తిరిగింది. బొమ్మ అందం పోయింది, మిల్లు దగ్గర జరిగేది బోర్డు మీదికి వచ్చింది.

ఆ తర్వాతే మాట్లాడుకోవడం మొదలైంది. అప్పుడు లీడ్ వేసిన ప్రశ్న ‘ఎనీ క్వశ్చన్స్’ కాదు. ‘ఈ తడి వడ్ల చీటీ ఎవరిది? కొంచెం వివరంగా చెప్పండి’ అన్నాడు. వంతు కోసం మిర్యాలగూడ కుర్రాడు పోటీపడలేదు, అదే అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. చెప్పాల్సింది ముందే రాసి ఉంది కాబట్టి టెన్షన్ లేదు. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో ఇంగ్లిష్ కలుపుకుంటూ నాలుగు నిమిషాలు చెప్పాడు.

మౌనానికి ఉన్న లెక్క

ఏడు నిమిషాలు అందరూ నోరు మూసుకుని రాయడం మొదట్లో వింతగా ఉంటుంది. దీని వెనుక పాత పరిశోధన ఉంది. అందరూ కూర్చుని మనసుకు తోచినది పైకి చెప్పుకునే బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్బోర్న్. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చున్నప్పుడు వచ్చిన ఆలోచనలకంటే, నలుగురు విడివిడిగా కూర్చుని ఇచ్చినవాటిని కలిపితే, ఒకేలా ఉన్నవి ఒక్కసారే లెక్కపెట్టినా, దాదాపు రెట్టింపు వచ్చాయి. 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ప్రధాన కారణం చూపించారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్లు ఆగాలి. ఆగేటప్పుడు తమ ఆలోచనను పట్టుకుని ఉండాలి, అవతలివాళ్ల మాటా వినాలి. ఈ రెండింటి మధ్య ఆలోచన జారిపోతుంది. 1990ల మొదట్లో అందరూ ఒకేసారి కంప్యూటర్ల మీద టైప్ చేసే పద్ధతిని పరీక్షించినప్పుడు ఈ అడ్డంకి బాగా తగ్గింది. గుంపు పెద్దదయ్యేకొద్దీ లాభం పెరిగింది.

కాబట్టి ఇద్దరు ముగ్గురే ఉన్న పనికి బోర్డు పెట్టుకోవడం అనవసరం. ఫోన్ చేసి మాట్లాడుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఐదారుగురు దాటినప్పుడు, అందులో సగంమంది దూరంగా ఉన్నప్పుడు బోర్డు అవసరం మొదలవుతుంది.

చీటీలన్నీ పడ్డాక దగ్గరిదగ్గరి మాటల్ని ఒకచోటికి జరిపి, ప్రతి గుంపుకూ పేరు పెట్టడం తర్వాతి పని. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకితా 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎక్కడా ఇమడని ఒంటరి చీటీని ‘ఇతరాలు’ కింద తోసేయకూడదు. తడి వడ్ల చీటీ కూడా మొదట ఒంటరిదే.

చెడేది ఎక్కడ

బోర్డు దారి తప్పడానికి మొదటి కారణం పెద్దవాళ్ల తొందర. లీడ్ చీటీ ముందు పడితే మిగతావన్నీ దాని నీడలోనే పడతాయి. ‘సార్ అలా అన్నారు కదా’ అన్న మాట మన ఆఫీసుల్లో ఎంత బలంగా పనిచేస్తుందో తెలిసిందే. మిరో, మ్యూరల్ లాంటి వాటిలో సమయం ముగిసేదాకా ఒకరి రాత ఇంకొకరికి కనిపించకుండా దాచే ఏర్పాటు ఉంది. అది లేని బోర్డులో లీడ్ చివరి నిమిషం దాకా చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. ఏ చీటీ ముఖ్యమో తేల్చడానికి పెట్టే ఓటింగ్‌కూ ఇదే వర్తిస్తుంది, పెద్దవాళ్ల ఓటు చివర పడాలి.

గదిలో ఉన్న నలుగురి సంగతి ఇంకా ముఖ్యం. ఆ నలుగురూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని, ఒకరే టైప్ చేస్తూ, తమలో తాము మాట్లాడుకుంటుంటే దూరంగా ఉన్న ముగ్గురికి బోర్డు ఉన్నా లేనట్టే. ఒక్కరు దూరంగా ఉన్నా అందరూ దూరంగా ఉన్నట్టే కూర్చోవాలి, ఎవరి లాప్‌టాప్ వారికి. ఒకే ఆఫీసులో ఉండి ఇదేం పద్ధతి అని గునిసేవాళ్లు ఉంటారు. అయినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకూడదు.

రెండో కారణం బరువు. చీటీలు తేలికే గానీ ఫొటోలు తేలిక కాదు. ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీ ఉండొచ్చు. అలాంటివి ఇరవై ముప్పై అతికించిన బోర్డు హైదరాబాద్‌లో టక్కున తెరుచుకుంటుంది, అచ్చంపేటలో మొబైల్ డేటా మీద తిరుగుతూనే ఉంటుంది. అంచు లేదు కదా అని ఆర్నెల్ల పని ఒకే బోర్డులో పోస్తే ఎవరికీ ఏదీ దొరకదు. ఒక మీటింగ్‌కు ఒక బోర్డు, దానికి తేదీతో పేరు, ఫొటోలు చిన్నవి చేసి పెట్టడం. కాల్‌కు పది నిమిషాల ముందే లింక్ పంపితే నెట్ తక్కువ ఉన్నవాళ్లు ముందే తెరిచి ఉంచుకుంటారు.

ఇక లాప్‌టాప్ లేక ఫోన్‌తో కలిసేవాళ్లు. ఆరంగుళాల స్క్రీన్ మీద ఇంత పెద్ద బోర్డును చూడటమే కష్టం, బాణాలు గీయడం ఇంకా కష్టం. అలాంటివాళ్లు ఉన్నప్పుడు టీమ్‌కు రోజూ అలవాటైన వాట్సాప్ గ్రూపులోనే వాళ్ల మాటలు తీసుకుని, ఎవరో ఒకరు అక్షరం మార్చకుండా బోర్డు మీదికి ఎక్కించాలి. ‘అక్షరం మార్చకుండా’ అన్నది ముఖ్యం. సరిచేసి రాస్తే ఆ మనిషి మాట కాస్తా రాసినవాడి మాట అయిపోతుంది.

తెలుగు రాతకు సంబంధించి చిన్న చిక్కులు ఉన్నాయి. యూనికోడ్ కీబోర్డుతో టైప్ చేసిన తెలుగు ఈ బోర్డులన్నిటిలోనూ కనిపిస్తుంది. అయితే తెలుగు మాటలు పొడవైనవి. చీటీ నిండేకొద్దీ అక్షరం దానంతటదే చిన్నదయ్యే బోర్డుల్లో రెండు వాక్యాలకే చదవలేనంత సన్నబడుతుంది. చీటీని అడ్డంగా సాగదీసి పెట్టుకోవాలి, లేదా మాట పొదుపుగా వాడాలి. ఎక్స్‌కాలిడ్రాలో ఇంగ్లిష్ చేతిరాతలా వస్తుంది, ఆ ఫాంట్‌లో తెలుగు లేదు కాబట్టి తెలుగు మామూలు అచ్చక్షరాల్లో వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పీడీఎఫ్‌గా దించేటప్పుడు ఒత్తులు విడిపోతాయి. ముఖ్యమైన బోర్డును ఎవరికైనా పంపేముందు ఒకసారి తెరిచి చూసుకుంటే పరువు దక్కుతుంది.

ఏది వాడాలి, ఎక్కడ దాచాలి

చిన్న టీమ్‌కు ఎంపిక అంత కష్టం కాదు. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఉంటే వైట్‌బోర్డు దానితోపాటే వస్తుంది, వేరే ఖాతా అక్కర్లేదు. మిరో ఉచిత ప్లాన్‌లో దిద్దుకోగల బోర్డులు మూడే ఉంటాయి. చిన్న టీమ్‌కు అవీ సరిపోతాయి, పాతవాటిని దించుకుని చెరిపేస్తూ ఉంటే. ఓపెన్ సోర్స్ అయిన ఎక్స్‌కాలిడ్రాకు లాగిన్ కూడా అవసరం లేదు, లింక్ తెరిస్తే చాలు. పాత లాప్‌టాప్‌లు, తక్కువ నెట్ ఉన్న ఊళ్లకు దాని తేలికదనం సరిపోతుంది. సొంతంగా గీసుకున్నది బ్రౌజర్‌లోనే ఉంటుంది కాబట్టి బ్రౌజర్ డేటా తుడిచేస్తే బొమ్మ కూడా పోతుంది. ఫైలుగా దాచుకోవడం మరవకూడదు.

లింక్ విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. చాలా బోర్డుల్లో ‘లింక్ ఉన్న ఎవరైనా దిద్దవచ్చు’ అన్న అమరికతోనే పని మొదలుపెడతాం, ఎందుకంటే అదే సులువు. ఆ లింక్ ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు వెళ్లడానికి నిమిషం చాలు. ఎక్స్‌కాలిడ్రా కలిసి గీసే లింకుల్లో హ్యాష్ (#) గుర్తు తర్వాత వచ్చే భాగమే తాళంచెవి. బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వర్‌కు పంపదు, అందువల్ల సర్వర్ దగ్గర ఉన్నది తాళం వేసిన సమాచారమే. అయితే లింక్ మొత్తం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గర తాళంచెవి ఉన్నట్టే. మిల్లు యాప్ లాంటి పనిలో ‘ఉదాహరణకు’ అంటూ నిజమైన రైతు ఆధార్ కార్డు ఫొటో, పాస్‌బుక్ ఫొటో, బ్యాంకు ఖాతా నంబరు బోర్డు మీద అతికించడం సాధారణంగా జరిగే పొరపాటు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, నమ్మి కాగితాలిచ్చిన మనిషి వివరాలు అలా గోడకు వేలాడదీయడం తప్పు. నమూనా కావాలంటే ఉత్తుత్తి పేరు, ఉత్తుత్తి నంబరు రాసుకోవాలి.

బోర్డును దాచుకునే చోటుగా నమ్ముకోవడం కూడా ప్రమాదమే. గూగుల్ 2016లో జామ్‌బోర్డ్‌ను ప్రకటించింది. యాభై ఐదు అంగుళాల టచ్ స్క్రీన్, దానితోపాటు ఫోన్లలో, బ్రౌజర్లలో నడిచే యాప్. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల్లో ఆ యాప్‌ను అలవాటు చేసుకున్న టీచర్లు ఎందరో. 2023 సెప్టెంబర్‌లో దాన్ని మూసేస్తున్నట్టు గూగుల్ చెప్పింది. 2024 అక్టోబర్ 1 నుంచి చూడటమే తప్ప దిద్దడం కుదరలేదు. 2024 డిసెంబర్ 31తో యాప్ ఆగిపోయింది. అంత పెద్ద కంపెనీ బోర్డుకే ఆ గతి పట్టిందంటే ఉచిత ప్లాన్ మీద నడిచే మన మూడు బోర్డుల సంగతి చెప్పేదేముంది?

అందుకే మీటింగ్ ముగిసిన అరగంటలోపు రెండు పనులు జరగాలి. బోర్డు మీద తేలిన నిర్ణయాలు టాస్క్ లిస్టులోకి, మనిషి పేరుతో, తేదీతో ఎక్కాలి. బోర్డు బొమ్మ పీడీఎఫ్‌గా టీమ్ ఫోల్డర్‌లోకి చేరాలి. ఈ పని ప్రతిసారీ ఒకే జూనియర్ నెత్తిన వేయకుండా వంతులవారీగా తిప్పుకుంటే అందరికీ బోర్డు చదవడం వస్తుంది.

మిల్లు యాప్ ఉదాహరణలో ఆ రోజు కల్వకుర్తిలో కరెంట్ లేదనుకుందాం. అక్కడి డెవలపర్ కాల్‌కు రాలేకపోయాడు. సాయంత్రం కరెంట్ వచ్చాక ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరిచాడు. తొమ్మిది పెట్టెల మీదుగా జరుపుకుంటూ వెళ్లి, వంకర బాణం దగ్గర రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. లాప్‌టాప్‌లో బోర్డు లింక్ తెరిచి తడి వడ్ల చీటీ పక్కన తన చీటీ అంటించాడు: ‘ధర మారినప్పుడు కారణం కూడా రాయించుకుందాం. తేమ, తాలు, మట్టి, మూడు ఆప్షన్లు చాలా?’ మర్నాడు పొద్దున ఎనిమిదింటికే, కాల్ ఇంకా మూడు గంటలుండగా, దాని కింద మిర్యాలగూడ నుంచి ఆకుపచ్చ చీటీ వచ్చి ఉంది: ‘నాలుగు పెట్టు అన్నా. వేరే రకం వడ్లు కలిసినా తగ్గిస్తరు.’